మగ్గం చప్పుట్ల పాప ఏడుపు వినపడాలె: ఫోనుకు అలర్ట్ పంపే పెట్టె చేస్తున్న, సాయం కావాలె

నడిగడ్డ నేతగాడు (గద్వాల)

అందరికీ నమస్తే. మాది గద్వాల దగ్గర ఊరు. పాలిటెక్నిక్‌ల ఈసీఈ డిప్లొమా చేసిన. నాయినకు నడుము పడిపోయినంక మగ్గం మీద కూర్చున్న, ఆరేండ్లయింది.

మాది గుంత మగ్గం, కాళ్లు గుంతల పెట్టి కూర్చొని నేస్తం. నేసేది కుప్పడం చీర, ఒంటికి నూలు, అంచుకు పట్టు. అంచు కలిసే తావున రెండు రంగుల పేక (అడ్డం) పోగులను ఒకదాంట్ల ఒకటి మెలెయ్యాలె. అందుకే నేను, నా భార్య ఇద్దరం పక్కపక్కన కూర్చుంటం. ఒక్కరు లేస్తే పని ఆగుతది. మాకు నాలుగు నెలల పాప. ఇల్లు రైలు డబ్బా లెక్క పొడుగు. ముందర మగ్గం అర్ర, నడుమ వంట, ఎనక అర్రల చీర తొట్టెల. మా అమ్మ పాప దగ్గరనే ఉంటది గానీ ఆమెకు చెవులు సరిగ వినపడవు. కునుకు పట్టిందంటే పాప పక్కన్నే ఏడ్చినా తెలువదు.

మగ్గం నడుస్తుంటే పక్కన కూర్చున్న మనిషి మాటే వినపడదు. పేక దారం మోసే నాడె ఇటు నుంచి అటు కొట్టుకుంటది, పైన డిజైన్ పోగులు లేపే జకార్డు పెట్టె లేచి పడుతది, పోగును గుడ్డకు జరిపే పన్నె వచ్చి గుద్దుతది. అసుంటప్పుడు రెండు అర్రల అవతల పాప ఏడిస్తే ఎట్ల తెలుస్తది? అందుకే ఏడిస్తే ఫోనుకు అలర్ట్ వచ్చేటట్టు ఒకటి చేసుకుందమనుకున్న.

ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లెక్క), కేవై-037 సౌండ్ సెన్సర్ హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీల కొన్న. టెలిగ్రాంల బాట్‌ఫాదర్ దగ్గర బాట్ (దానంతట అదే మెసేజ్ పంపే ఖాతా) చేసుకొని, దాని తాళం లాంటి టోకెన్ తీసుకున్న. చప్పుడు పెద్దగైతే మా ఇద్దరి ఫోన్లకు ‘పాప ఏడుస్తుంది’ అని మెసేజ్ పోతది. పాపకు దగ్గరుంటే మంచిగ వినపడుతదని సెన్సర్‌ను తొట్టెల తాడుకే కట్టిన, చార్జర్ వైరు కిందికి దించిన. రాత్రి మగ్గం ఆపినంక పరీక్ష చేస్తే మస్తు పనిచేసింది. పాప కుయ్యిమన్నా ఫోను మోగింది. ఆ రాత్రి సంతోషానికి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున మగ్గం మీద కూర్చున్నంక తెలిసింది. మొదటి గంటల 60కి పైన మెసేజ్‌లు. పాప నిద్రపోతనే ఉన్నది. సెన్సర్ మీద నీలం పెట్టెకు చిన్న స్క్రూ ఉంటది కదా, దాన్ని తిప్పి తిప్పి వేలు నొచ్చింది. లూజు చేస్తే మగ్గం దెబ్బకే మోగుతది, బిగిస్తే పాప గొంతు చించుకున్నా ఉలకదు. మూడో రోజు నా భార్య ఫోన్ బోర్లేసి పెట్టింది. ఆమె తప్పేం లేదు. ప్రతిసారి పోగులు వదిలి ఉరికిపోయి, నిద్రపోయే పాపను చూసి వచ్చి మళ్ల కూర్చోవాలంటే ఎవరికైనా విసుగొస్తది.

అయినా ఇది చిన్న బాధ. అసలు బాధ పోయిన శుక్రవారం జరిగింది.

పగలు మూడు గంటలకు కరెంటు పోయింది. చేతి మగ్గానికి కరెంటుతోటి పని లేదు, కిటికీ ఎలుగుల నేస్తనే ఉంటం. ఫ్యాను ఆగింది, చెమటలు తుడుచుకున్నం, నేసినం. ఫోను సప్పుడు చెయ్యలేదు. ‘ఇయ్యాల పాప మంచిగ పండుకున్నది’ అని నా భార్య అన్నది కూడ. ఇంటర్నెట్ రౌటర్ ఆగిపోయిందన్న సోయి మా ఇద్దరికీ లేదు. అమ్మ నీళ్లకని బయటికి పోయిందట. 40 నిమిషాల తర్వాత ఎనకింటి అక్క పెరటి తలుపు నుంచి పాపను ఎత్తుకొని వచ్చింది. ఏడ్చి ఏడ్చి పాపకు గొంతు పోయింది. సప్పుడే వస్తలేదు, నోరు తెరుస్తుంది అంతే. ఒళ్లంత చెమట. నా భార్య గుంతల నుంచి ఎట్ల లేచిందో, ఎట్ల ఎత్తుకున్నదో నాకు యాదికి లేదు. చీరల నాలుగు పోగులు తెగినయి.

నా పెట్టె లేకుంటే గంటకొకసారి లేచి చూసేటోళ్లం. పెట్టె ఉన్నదన్న ధైర్యంతోటి చూడలేదు. ఇది నన్ను తినేస్తున్నది.

తీసి పడేద్దమంటే మనసు వస్తలేదు, ఎందుకంటే మాకు నిజంగనే అవసరం. మగ్గం దెబ్బకూ పాప ఏడుపుకూ తేడా ఎట్ల పట్టాలె? పెట్టె చచ్చిపోతే ఆ సంగతి నాకు ఎట్ల తెలవాలె? ఈఎస్‌పీ32-క్యామ్ పెట్టి వీడియో కూడ చూద్దమని అనుకుంటున్న, అది మంచిదేనా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

---

సబ్‌సెంటర్ అక్క (దేవరకొండ)

తమ్మీ, మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ తొట్టెల తాడుకు కట్టిన సెన్సర్, వైరు ఇప్పుడే తీసెయ్. ఇది చదివిన వెంటనే లేచి తియ్యి.

నాలుగో నెల పిల్ల చేతికి దొరికింది పట్టుకుంటది. ఇంకొన్నాళ్లకు బోర్ల పడుతది. వేలాడే వైరు మెడకు చుట్టుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు, అది చప్పుడు లేకుండ జరిగే ప్రమాదం. నీ సెన్సర్‌కు వినపడదు. ఏ మానిటరైనా, కొన్నదైనా చేసుకున్నదైనా, దాని వైరు పిల్ల పండుకునే చోటికి కనీసం మూడు అడుగుల దూరంల ఉండాలె. గోడకు క్లిప్పులు కొట్టి అంటించు. బ్యాటరీలు కూడ పిల్ల దగ్గర వద్దు.

మిగతాది డ్యూటీ అయినంక రాస్త.

---

నడిగడ్డ నేతగాడు

తీసేసిన అక్కా. చదువుతనే పోయి తీసిన. ఇంతవరకు ఆ ఆలోచనే రాలేదు.

---

పానగల్లు చెరువు కట్ట (నల్లగొండ)

అన్నా, అక్క చెప్పిన దూరం మీకు ఇంకో తీరుగ కూడ మేలే చేస్తది. తొట్టెల తాడు దూలానికి కట్టి ఉంటది. గుంత మగ్గం జకార్డు కూడ దూలాలకో, అదే గోడలకో ఆనుకొని ఉంటది. అంటే మగ్గం దెబ్బ గాలిల కంటే ముందు కట్టె నుంచి, తాడు నుంచి నేరుగ మీ సెన్సర్‌కు చేరుతున్నది. మీరు మైకును మగ్గానికే కట్టినట్టు లెక్క. దాన్ని మగ్గం లేని గోడకు, వెనక రెండు వేళ్ల మందం స్పాంజి పెట్టి అంటించండి. సగం తప్పుడు అలర్ట్‌లు అక్కడే పోవాలి.

ఇక సెన్సర్. స్క్రూ తిప్పడంల మీ తప్పేం లేదు. కేవై-037 డిజిటల్ పిన్ ఒక్క ముక్కే చెప్పగలదు, చప్పుడు గీత దాటిందా లేదా అని. దానిల ఉన్నది ఎల్‌ఎం393 కంపారేటర్, రెండు వోల్టేజీలను పోల్చే చిప్పు. అది ఏం చప్పుడో దానికి తెలువదు. మీకు కావలసింది చప్పుడు రూపం. ఐఎన్‌ఎంపీ441 అనే డిజిటల్ మైకు తీసుకోండి, ఐ2ఎస్ అనే చప్పుడు అంకెలు పంపే పద్ధతిల ఈఎస్‌పీ32కు నేరుగ మాట్లాడుతది. దానికి 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 ఇస్తే పోతది. ఎల్‌/ఆర్ పిన్‌ను గ్రౌండ్‌కు కలిపితే ఎడమ ఛానల్ వస్తది. దానికి సూది మొనంత రంధ్రం ఉంటది, టేపు అంటించేటప్పుడు అది మూసుకుపోకుండ చూసుకోండి. నేను ఒకసారి మూసేసి రెండు రోజులు కోడ్‌ల తప్పు వెతికిన.

పాప ఏడుపుకు ఒక పద్ధతి ఉంటది. దాని మూల స్వరం దాదాపు 300 నుంచి 600 హెర్ట్జ్ నడుమ ఉంటది, పైన దాని రెట్టింపులు, మూడింతలు మెట్లు మెట్లుగ ఉంటయి. ఒక సెకను దగ్గర దగ్గర సాగుతది, ఊపిరి పీల్చుకుంటది, మళ్ల సాగుతది. మగ్గం దెబ్బ అట్ల కాదు. టక్కుమని పుట్టి పావు సెకనుల చస్తది, దాని బలమంతా కింది స్వరాలల్లనే ఎక్కువ. ఫ్యాను, కూలర్ రొద మారకుండ ఒకే తీరుగ ఉంటది.

అందుకని సెకనుకు 16,000 సార్లు చప్పుడు కొలిచి, 512 కొలతలకు ఒకసారి ఎఫ్ఎఫ్‌టీ (చప్పుడును స్వరాల గడులుగ విడగొట్టే లెక్క) చెయ్యండి. ఒక్కో ముక్క 32 మిల్లీ సెకండ్లు, ఒక్కో గడి 31.25 హెర్ట్జ్. 10వ గడి నుంచి 19వ గడి దాక ఏడుపు మూల స్వరం పడుతది. ఆ గడులల్ల బలం, 6వ గడి లోపల ఉన్న బలం కంటే ఎక్కువుంటే ఆ ముక్కను ‘ఏడుపు’ అని లెక్కెయ్యండి. ఒక్క ముక్కకే మోగించొద్దు. పది సెకండ్లల్ల దాదాపు 312 ముక్కలొస్తయి, అందుల 120 దాటితేనే మోగించండి. మగ్గం దెబ్బలు ఎన్ని పడ్డా ఆ లెక్కకు చేరవు, ఏడుపు చేరుతది. 120 అనేది నేను మొదలుపెట్టే అంకె, మీ ఇంటికి మీరే సరిచేసుకోవాలె.

సరిచేసే ముందు ఒక పని చెయ్యండి. మగ్గం నడిచేటప్పుడు పది నిమిషాలు, పాప ఏడ్చినప్పుడు రెండు మూడుసార్లు ఇదే మైకుతో రికార్డు చేసి దాచుకోండి. కోడ్ మార్చిన ప్రతిసారి ఆ రికార్డుల మీద నడిపి చూడొచ్చు, పాపను ఏడిపించే పని లేదు. రికార్డును ఫోన్ల పెట్టి మైకు ముందర మోగించి పరీక్ష చెయ్యొద్దు. ఫోను స్పీకర్ కింది స్వరాలు పలకలేదు, మగ్గం దెబ్బ అందుల సన్నగయి వస్తది, మీరు మోసపోతరు.

పాత సెన్సర్ అనలాగ్ పిన్ వాడుదమనుకుంటే ఒక జాగ్రత్త. వైఫై నడిచేటప్పుడు ఈఎస్‌పీ32ల రెండో ఏడీసీ (వోల్టేజీని అంకెగ మార్చే భాగం) పనిచెయ్యదు. జీపీఐఓ 32 నుంచి 39 దాక ఉన్న పిన్నులే వాడాలె. చానామంది ఇక్కడ తప్పిపోతరు.

కెమెరా ఇప్పుడు వద్దన్నా. ఈఎస్‌పీ32-క్యామ్‌కు కరెంటు కొంచెం తగ్గినా రీసెట్ అయితది, పాత చార్జర్లతోటి మస్తు గోస. పైగా ఇంటి బయటి నుంచి చూడాలని రౌటర్‌ల పోర్టు (బయటి నుంచి లోపలికి దారి) తెరిస్తే మీ అర్ర లోకానికంత తెరిచినట్టే. చూసి మాట్లాడే మనిషి పక్క అర్రలనే ఉన్నప్పుడు కెమెరాతోటి ఏం పని?

---

మిల్లు మోటార్ల మెకానిక్ (మిర్యాలగూడ)

తమ్ముడూ, నీ శుక్రవారం సంగతి చదివి మనసు పిండినట్టయింది. నేను ఇరవై ఏండ్లుగ రైస్ మిల్లులల్ల వైరింగ్ చేస్తున్న. మా పనిల మొదటి రోజే గురువు నేర్పిన పాఠం నీకు చెప్త.

మిల్లుల ఎర్ర బటన్ ఉంటది, ఎమర్జెన్సీ స్టాప్. కొత్తోళ్లు ఏమనుకుంటరంటే, బటన్ నొక్కినప్పుడే ఆ వైరుల కరెంటు పారి మోటర్‌ను ఆపాలని. అట్ల కట్టొద్దు. మామూలుగ సర్క్యూట్ మూసే ఉండాలె, ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) అంటం. ఆ వైరుల కరెంటు పారుతున్నంత సేపే మోటర్ తిరగాలె. బటన్ నొక్కినా ఆగాలె, ఎలుక వైరు కొరికినా ఆగాలె, టెర్మినల్ ఊడినా ఆగాలె. తెగిన వైరు ‘అంతా బాగుంది’ అని చెప్పొద్దు.

నీ పెట్టెను తిరగేసి కట్టినవు. ఏడిస్తే మాట్లాడుతది, చచ్చిపోతే సప్పుడు లేదు. పాప నిద్రపోతే కూడ సప్పుడు లేదు. రెండూ నీకు ఒకే తీరుగ వినపడ్డయి. అందుకని పెట్టె ఐదు సెకండ్లకొకసారి ‘నేనున్న’ అని చెప్తనే ఉండాలె. 20 సెకండ్లు ఆ మాట రాకుంటే నీ దగ్గర అలారం కొట్టాలె.

ఆ అలారం ఇంటర్నెట్ మీద పెట్టుకోకు. ఇంకో ఈఎస్‌పీ32 కొను, మగ్గం దగ్గర పెట్టు. రెండు బోర్డులు ఈఎస్‌పీ-నౌ పద్ధతిల రౌటర్ లేకుండనే నేరుగ మాట్లాడుకుంటయి. ఒక చిక్కు ఉన్నది. పాప దగ్గరి బోర్డు ఫోనుకు అలర్ట్ పంపనీకి వైఫైల కలిసి ఉంటే, రౌటర్ ఏ ఛానల్ మీద ఉంటే అదే ఛానల్ మీద ఉంటది. మగ్గం దగ్గరి బోర్డు కూడ అదే ఛానల్ మీద ఉండాలె. రౌటర్ సెట్టింగుల ఛానల్‌ను ఆటో నుంచి తీసి ఒక అంకె మీద నిలబెట్టు. లేకుంటే ఒకరోజు పనిచేస్తది, ఒకరోజు చెయ్యదు, ఎందుకో తెలువదు.

మగ్గం రొదల బజర్ వినపడదు, లైటు పెట్టు. చీర మీద పని చేసే మనిషి కన్ను యాడ ఉంటదో నీకే తెలుసు, అక్కడ. ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను పిన్ను నుంచి నేరుగ వెలిగించొద్దు, బోర్డు కాలిపోతది. నడుమ ఒక మాస్‌ఫెట్ (స్విచ్చి లెక్క పనిచేసే ట్రాన్సిస్టర్) పెట్టు, ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ చిన్న స్ట్రిప్‌కు సరిపోతది.

ఇక కరెంటు సంగతి. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతది. బోర్డులకు పవర్‌బ్యాంకు పెట్టేటట్టుంటే ముందు ఒక పూటంతా పెట్టి చూడు. కొన్ని పవర్‌బ్యాంకులు తక్కువ కరెంటు గుంజితే ‘ఫోను నిండింది’ అనుకొని వాటంతట అవే ఆగిపోతయి. చార్జింగ్ ఎక్కుతూనే కరెంటు ఇచ్చేది చూసి తీసుకో, అన్నీ అట్ల ఇయ్యవు.

---

చెవుల పని కండ్లది (జడ్చర్ల)

నాకు పుట్టుకతోనే వినపడదు, నా భర్తకు కూడ. మాకు మూడేండ్ల బాబు. మీ అమ్మ గారి గురించి చదివి రాస్తున్న.

ఆండ్రాయిడ్ ఫోన్లల్ల ‘సౌండ్ నోటిఫికేషన్స్’ అని గూగుల్ 2020ల తెచ్చింది. పిల్లల ఏడుపు, పొగ అలారం, కుక్క అరుపు, నీళ్లు కారే చప్పుడు గుర్తుపట్టి ఫోను వణికిస్తది, ఫ్లాష్ వెలిగిస్తది. గుర్తుపట్టే పని ఫోన్లనే జరుగుతది, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఐఫోన్లల్ల కూడ అదే ఏడు నుంచి ఇటువంటిది ఉన్నది. కానీ ఫోను పాప దగ్గర ఉండాలె. మగ్గం దగ్గర మీకు పనికి రాదు. మీ అమ్మ గారికి పనికొస్తది. పాప దగ్గర పాత ఫోను పెట్టి, ఆమె చేతికి ఆ ఫోనుతోటి కలిసే గడియారం కడితే మణికట్టు మీద వణుకుతది. కునుకుల ఉన్నా తెలుస్తది.

నా అనుభవం ఒకటి. ఫోను వణుకుడు దూది పరుపు మీద తెలియదు. మేము దిండు కింద కాదు, దిండు గలీబు లోపల పెట్టుకునేటోళ్లం. చార్జింగ్ పెట్టిన ఫోను మాత్రం ఎన్నడూ దిండుల పెట్టొద్దు, వేడెక్కుతది.

పెద్దామెకు వినపడదని ఆమెను లెక్కల నుంచి తీసెయ్యకండి. ఆమెకు తెలిసేటట్టు చెయ్యండి. పాపకు మొదట చేరే చేతులు ఆమెవే.

---

సబ్‌సెంటర్ అక్క

ఇప్పుడు తీరింది. జడ్చర్ల చెల్లె చెప్పింది నాకు మస్తు నచ్చింది.

తమ్మీ, ఏడుపు పట్టే పెట్టె మంచిదే గానీ ఒకటి తెలుసుకో. ఆకలికి ఏడుపు ఆఖరి గుర్తు. అంతకు ముందే పిల్ల చెప్తది. చెయ్యి నోట్లె పెట్టుకుంటది, తల అటు ఇటు తిప్పి రొమ్ము కోసం ఎతుకుతది, పెదవులు చప్పరిస్తది. ఏడ్చేదాక ఆగితే పిల్ల అలిసిపోయి సరిగ తాగదు కూడ. అందుకని లైటు వెలిగేదాక కూర్చోకుండ, రెండు గంటలకొకసారి తల్లి లేచి పాలియ్యాలె. చీర ఒక జానెడు తక్కువ నేస్తరు, ఏం కాదు.

ఇంకోటి. ఊపిరి కొలిచే సెన్సర్, గుండె కొలిచే సాక్సు, అసుంటివి చేద్దమన్న ఆలోచన వస్తే ఆపెయ్. నెలలు నిండక పుట్టిన పిల్లల తల్లులు నన్ను అడుగుతుంటరు. నిద్రల పిల్లలు హఠాత్తుగ పోవడాన్ని ఆపనీకి ఇంట్ల అసుంటి మానిటర్లు వాడొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 సూచనలల్ల కూడ ఉన్నది. మేలు చేసేది ఎట్ల పండుకోబెడుతున్నమన్నది. వెల్లకిల, గట్టి చదునైన పక్క మీద, చుట్టు దిండ్లు, మెత్తలు లేకుండ. చీర తొట్టెల మన తాతల నాటిది, నేను కూడ అందులనే పెరిగిన. కానీ అది చదునుగ ఉండదు, పిల్ల మెడ ముందుకు ఒంగుతది. మీ కన్ను ముందర ఉన్నప్పుడు ఊపుకోండి. మీరు మగ్గం మీద ఉన్నప్పుడు మాత్రం నేల మీద చాప, గట్టి బొంత ఏసి పండుకోబెట్టు, దోమతెర పెట్టు.

ఆశా అక్క 42 రోజుల దాక ఇంటికొచ్చి చూసిపోయి ఉంటది, మీ పాప అది దాటింది. ఇక ఆమె అప్పుడప్పుడే వస్తది, రోజూ మీరే చూసుకోవాలె. పాలు తాగకపోవడం, పక్కటెముకల కింద గుంట పడుతూ ఊపిరి తీయడం, ఈ వయసుల నిమిషానికి 50 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీయడం, ఎంత లేపినా మత్తుగ ఉండడం, వీటిల ఏది కనపడినా 108కి ఫోన్ చెయ్. ఇవి ఏ మైకుకూ వినపడవు.

గొంతు పోయిందన్నవు, ఇప్పుడు ఎట్లున్నది?

---

నడిగడ్డ నేతగాడు

రెండు రోజులకే గొంతు వచ్చిందక్కా. మంచిగ తాగుతుంది. సామాను తెచ్చి చేసినంక మళ్ల రాస్త.

---

నడిగడ్డ నేతగాడు (24 రోజుల తర్వాత)

అందరికీ చెప్పాలనే వచ్చిన.

పాప ఇప్పుడు పగలు నేల మీద బొంతల పండుకుంటున్నది. మైకు పెట్టె ఆమెకు నాలుగున్నర అడుగుల దూరంల, పెరటి గోడకు ఉన్నది. వెనక పాత చెప్పు స్పాంజి కోసి పెట్టిన. వైరు గోడ మీద క్లిప్పులల్ల పోతది. ఈ మార్పు ఒక్కటే చేసి, పాత కేవై-037తోటే ఒక పూట నడిపి చూసిన. నల్లగొండ అన్న చెప్పినట్టే అలర్ట్‌లు సగానికి పైన తగ్గినయి. ఇన్నాళ్లు దూలం నుంచి వచ్చే దెబ్బను గాలిల వచ్చే చప్పుడు అనుకున్న.

ఐఎన్‌ఎంపీ441 పెట్టినంక 120 అంకెతోటి మొదలుపెట్టిన. మగ్గానికి ఒక్కసారి కూడ మోగలేదు గానీ, పాప సన్నగ గునిసే ఏడుపు దొరకలేదు. రికార్డుల మీద తగ్గించుకుంట వచ్చి 85 దగ్గర ఆపిన. 70 పెడితే పెరట్ల కోళ్లు పట్టుబడుతున్నయి.

ఇంకోటి పట్టుబడింది. మా అమ్మ జోల పాడితే మోగుతది. ఆమె గొంతు ఎత్తి ‘జో’ అని సాగదీస్తే అది కూడ 300 దాటుతది కావొచ్చు, ఏడుపు లెక్కనే సాగుతది, ఊపిరికి ఆగుతది, మళ్ల సాగుతది. దాన్ని తీసెయ్యాలని రెండు రాత్రులు కూర్చున్న. ఏడుపుల స్వరం గబగబ మారుతది, పాటల నిలకడగ ఉంటది కాబట్టి వేరు చెయ్యొచ్చనిపించింది. నా భార్య వద్దన్నది. ‘అది వెలిగితే అత్తమ్మ పాప దగ్గరనే ఉన్నదని నాకు తెలుస్తది, ఉండనియ్’ అన్నది. ఉంచిన. పోయి చూసి వస్తే నష్టం లేదు.

మగ్గం దగ్గర రెండో బోర్డు పెట్టిన. లైటు యాడ పెట్టాలని చాన ఆలోచించిన. గోడకు పెడితే చూడం. నేసేటప్పుడు మా కండ్లు పన్నెకు ముందర జానెడు గుడ్డ మీదనే ఉంటయి. అందుకని ఎల్‌ఈడీ స్ట్రిప్ ముక్కను పన్నె పైన కర్రకు, గుడ్డ మీద ఎలుగు పడేటట్టు కట్టిన. ఏడిస్తే పచ్చటి పసుపు ఎలుగు చీర మీద మినుకుమినుకుమంటది. పెట్టె మాట రాకపోతే ఎర్ర ఎలుగు ఆగకుండ ఉంటది. మొదటిసారి తెల్ల పట్టు అంచు మీద ఎర్ర ఎలుగు పడినప్పుడు ఇద్దరం ఉలిక్కిపడ్డం. రౌటర్ ఛానల్ 6 మీద నిలబెట్టిన. నిలబెట్టక ముందు సరిగ్గ మిర్యాలగూడ అన్న చెప్పినట్టే ఒకరోజు పనిచేసి ఒకరోజు ఆగింది.

ఫోను అలర్ట్ కూడ ఉంచిన. నేను గద్వాలకు చీరలు ఇయ్యనీకి పోయినప్పుడు కావాలె. టెలిగ్రాం నుంచి ఎన్‌టీఎఫ్‌వై అనే అలర్ట్‌లు పంపే యాప్‌కు మారిన, దాంట్ల అలర్ట్‌కు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తే ఫోను గట్టిగ మోగుతది. అలర్ట్‌లు పోయే టాపిక్ పేరు తెలిసినోళ్లు ఎవరైనా వాటిని చదవొచ్చు కాబట్టి ఊరు పేరు, పాప పేరు పెట్టకుండ గజిబిజి అక్షరాలు పెట్టిన. ఫోన్ల ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు తీసెయ్యాలె. తియ్యకుంటే తెర ఆరినంక అలర్ట్‌లు ఆలస్యంగ వస్తున్నయి, ఇది నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ఇంటి ఇంటర్నెట్టే పోతే బయట ఉన్న నాకు ఎట్ల తెలవాలె అని వెతికి, హెల్త్‌చెక్స్ అనే సైటు పెట్టుకున్న. పెట్టె నిమిషానికొకసారి దానికి పలకరింపు పంపుతది, మూడు నిమిషాలు రాకుంటే ఆ సైటే నాకు మెయిల్ ఇస్తది. ఒకసారి వచ్చింది, ఇంటికి ఫోన్ చేసి అడిగితే కరెంటు పోయిందన్నరు. చిన్న యూపీఎస్ అప్పటికి కొనలేదు, ఆ మరునాడే కొన్న.

అమ్మకు గడియారం తెచ్చిన. మొదట ‘ఈ వయసుల నాకెందుకురా’ అన్నది. ఇప్పుడు స్నానానికి పోయేటప్పుడు మాత్రమే తీస్తది. మొన్న మా లైటు వెలిగి, నా భార్య గుంతల నుంచి లేచి ఎనక అర్రకు పోయేసరికి అమ్మ పాపను ఎత్తుకొని ఉన్నది.

రెండు గంటలకొకసారి లేవడం కూడ మొదలుపెట్టినం అక్కా. చీర ఇంకో రోజు ఎక్కువ పడుతున్నది. పడనియ్.

రెండు బోర్డులు, మైకు, మాస్‌ఫెట్, స్ట్రిప్ అన్నీ కలిపి నాకు 1,500 లోపల అయింది, యూపీఎస్, గడియారం వేరే. కోడ్ ఎవరికన్న కావాలంటే అడగండి, మన దిక్కు మగ్గాల ఇండ్లల్ల పిల్లలున్నోళ్లు చానామంది ఉన్నరు.

---

మిల్లు మోటార్ల మెకానిక్

మస్తు పని చేసినవు తమ్ముడూ. ఎర్ర లైటును ఒక్కసారి పరీక్ష చేసి వదిలెయ్యకు. మిల్లుల ఎమర్జెన్సీ బటన్‌ను షిఫ్టు మొదలుకాకముందు నొక్కి చూస్తం.

---

నడిగడ్డ నేతగాడు

చూస్తున్నం అన్నా. రోజూ పొద్దున మగ్గం ఎక్కేముందు పాప దగ్గరి పెట్టె పవర్ వైరు నా భార్య పీకి వస్తది, నేను ఇక్కడ లెక్కపెడుత. 20 లోపల గుడ్డ మీద ఎర్ర ఎలుగు పడితేనే వైరు మళ్ల పెట్టి, నాడె చేతికి తీసుకుంటం.